ఒళ్లు దగ్గర పెట్టుకోమని చెప్పేముందు

ఆ పిల్లవాడికి ఎనిమిదేళ్లు. మధ్యాహ్నం రెండో పీరియడ్ మొదలయ్యేసరికి వాడి తల ఒక పక్కకు వాలిపోయేది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉండేది. కింది పెదవి ఎప్పుడూ ఎండిపోయి పగుళ్లతో కనిపించేది. కునుకుతున్నప్పుడు అలా, మెలకువగా ఉన్నప్పుడు ఇంకోలా. బల్ల కింద కాళ్లు ఒక్క క్షణం ఆగేవి కావు. పక్కవాడి పెన్సిలు లాక్కునేవాడు. లెక్క సగంలో ఉండగానే లేచి కిటికీ దగ్గరకు వెళ్లిపోయేవాడు. నేను వాణ్ని ఎన్నిసార్లు నిలబెట్టానో లెక్కలేదు. నిలబెట్టినా గోడకు ఆనుకుని కునికేవాడు. అది చూసి తరగతి అంతా నవ్వేది. ఆ నవ్వును నేను ఆపలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

వాళ్ల అమ్మను పిలిపించాను. క్రమశిక్షణ గురించి, పెంపకం గురించి అనవలసినవీ అనకూడనివీ అన్నీ అన్నాను. ఆవిడ తల వంచుకుని విని, చివరలో మెల్లగా చెప్పింది: "రాత్రంతా గురక పెడతాడండీ. మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తాడు. తలగడంతా చెమటతో తడిసిపోతుంది." చదువు గురించి మాట్లాడుతుంటే గురక సంగతి ఎందుకు తెస్తోందా అనుకున్నాను. ఆ మాట అక్కడితో వదిలేశాను.

మరుసటి ఏడాది, ఎంతకీ జలుబు వదలకపోతే వాణ్ని ముక్కు, చెవి, గొంతు వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లారు. ముక్కు వెనక, గొంతుకు పైభాగంలో ఉండే అడినాయిడ్లు బాగా పెరిగిపోయి గాలి దారిని దాదాపు మూసేశాయని తేలింది. టాన్సిల్స్ కూడా వాచి ఉన్నాయి. పడుకున్నప్పుడు గొంతు కండరాలు సడలగానే ఆ కొద్దిపాటి దారి కూడా మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఇలా రాత్రి ఎన్నో సార్లు. ఆ పిల్లవాడు చాలాకాలంగా ఒక్క రాత్రి కూడా సరిగా నిద్రపోలేదు. నేను అల్లరి అనుకున్నదీ బద్ధకం అనుకున్నదీ ఒకే నిద్రలేమి. నిద్ర చాలని పెద్దవాళ్లు మందకొడిగా తయారవుతారు. పిల్లలు చాలాసార్లు అందుకు విరుద్ధంగా ఉంటారు. నిద్ర ముంచుకొస్తున్నకొద్దీ చిందులు వేస్తారు, చిరాకుపడతారు, కుదురుగా కూర్చోలేరు. అది తెలియని వాళ్ల కంటికి వాళ్లు కంటినిండా నిద్రపోయిన పిల్లల్లా కనిపిస్తారు.

పిల్లల నడవడిలోనో చదువులోనో తేడా కనిపిస్తే మనం ముందు గుణాన్ని అనుమానిస్తాం. శ్రద్ధ లేదంటాం, పొగరంటాం, బద్ధకమంటాం. తర్వాత తెలివిని అనుమానిస్తాం. ఆ తర్వాత ఇంటి పెంపకాన్ని. శరీరం వంతు అన్నిటికన్నా చివర వస్తుంది, అదీ జ్వరం వస్తేనో కళ్లు తిరిగి పడిపోతేనో. ఈ వరుస తలకిందులుగా ఉందని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ముందు శరీరం సంగతి కనుక్కోవాలి. గుణం గురించి తీర్పు చెప్పడానికి తర్వాత చాలా సమయం ఉంటుంది, చాలాసార్లు ఆ అవసరమే రాదు.

నిజానికి మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కోపం వస్తే ఒళ్లు మండుతుందంటాం. అసూయను కడుపుమంట అంటాం. భయపడితే గుండె జారిపోతుంది, కాళ్లూ చేతులూ ఆడవు. శ్రమించడాన్ని ఒళ్లు వంచడం అంటాం. జాగ్రత్తగా మసలుకోమనడానికి ఏకంగా 'ఒళ్లు దగ్గర పెట్టుకో' అంటాం. ఇంత తెలిసిన భాషలో బతుకుతూ కూడా, బడికి వచ్చిన పిల్లవాడు ఒళ్లు ఇంట్లో వదిలేసి బుర్ర ఒక్కదాన్నే తెచ్చుకున్నట్టు పాఠం చెబుతాం.

అమెరికా తాత్వికుడు విలియం జేమ్స్ 1884లో ఒక విచిత్రమైన వాదన చేశాడు. దుఃఖం వచ్చి ఏడవడం కాదు, ఏడుస్తున్నాం కాబట్టే దుఃఖం తెలుస్తోంది, వణుకుతున్నాం కాబట్టే భయం తెలుస్తోంది అన్నాడు. శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1927లో దీన్ని గట్టిగా ఖండించాడు. భయంలోనూ కోపంలోనూ లోపలి అవయవాల్లో కనిపించే మార్పులు దాదాపు ఒకటే, పైగా అవి నెమ్మదిగా జరుగుతాయి, అలాంటప్పుడు ఇన్ని రకాల భావాలు వాటినుంచి ఎలా పుడతాయని అడిగాడు. ఆ తగువు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. జేమ్స్ చెప్పినదంతా నేను ఒప్పుకోను. కానీ మెడనుంచి పొట్టదాకా దిగే వేగస్ నాడి తంతువుల్లో నూటికి దాదాపు 80 కిందినుంచి పైకి, అంటే అవయవాలనుంచి మెదడుకు వార్తలు మోసేవే. ఆజ్ఞలు ఇవ్వడం కన్నా కబుర్లు వినడమే ఆ దారిలో ఎక్కువ. గుండె, ఊపిరితిత్తులు, పేగులు అంతసేపూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి. వాటిమధ్యనే మనం ఎక్కాలు అప్పజెప్పమంటాం.

నిద్ర దగ్గర ఇంకొంచెం ఆగుతాను. ఎందుకంటే నేను చూసిన కష్టాల్లో సగానికి పైగా అక్కడే మొదలయ్యాయి. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాల గుంపులు కంఠస్థం చేయించారు. కొన్నిసార్లు నేర్చుకున్న వెంటనే పడుకోబెట్టారు, కొన్నిసార్లు మెలకువగా ఉంచారు. అన్నే గంటల తర్వాత అడిగితే, పడుకుని లేచినప్పుడే ఎక్కువ గుర్తున్నాయి. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు దీనికి కారణాన్ని కొంతవరకు చూపించాయి. పగలు నేర్చుకున్న కొత్త సంగతులు ముందు హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం మీద ఆధారపడి నిలుస్తాయి. గాఢనిద్రలో ఆ భాగం పగటి జాడలను మళ్లీ మళ్లీ నెమరువేస్తూ మెదడు పైపొరల్లో కుదురుకునేలా చేస్తుంది. అంటే పాఠం తరగతి గదిలో పూర్తి కాదు. రెండో సగం రాత్రి పడకమీద జరుగుతుంది. పరీక్ష ముందు రాత్రంతా మేలుకుని చదవమని చెప్పేవాళ్లు ఆ రెండో సగాన్ని పిల్లల చేతుల్లోంచి లాగేసుకుంటున్నారు.

నిద్ర లేకుండా చేసే పని ఎలా ఉంటుందో కొలిచిన వాళ్లూ ఉన్నారు. డ్రూ డాసన్, కాథ్రిన్ రీడ్ అనే నిద్ర పరిశోధకులు 1997లో నేచర్ అనే విజ్ఞాన పత్రికలో ఒక చిన్న నివేదిక ప్రచురించారు. 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి చేతికీ కంటికీ ఉండే పొందిక, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోయింది. 24 గంటలు మేలుకుంటే దాదాపు 0.10 శాతం స్థాయికి. తాగి తరగతికి వచ్చిన వాణ్ని లోపలికి రానివ్వం. తెల్లవార్లూ మేలుకుని వచ్చిన వాణ్ని మాత్రం పట్టుదల ఉన్న పిల్లవాడని మెచ్చుకుంటాం.

కౌమారంలో ఇంకో చిక్కు ఉంది. ఆ వయసులో శరీరంలోని గడియారం వెనక్కు జరుగుతుంది. చీకటి పడిందని శరీరానికి చెప్పే మెలటోనిన్ చిన్నపిల్లల్లో కన్నా ఆలస్యంగా ఊరుతుంది. పగలు మేలుకున్నకొద్దీ పెరగవలసిన నిద్ర భారం కూడా నెమ్మదిగా పెరుగుతుంది. పదిహేనేళ్ల వాళ్లకు రాత్రి తొమ్మిదికి నిద్ర రాకపోవడం మొండితనం కాదు. ఫోన్లు ఆ ఆలస్యాన్ని ఇంకా పెంచుతాయి, ఆ మాట నిజమే. కానీ ఫోను తీసేసుకున్నంత మాత్రాన గడియారం పూర్తిగా సర్దుకోదు. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యనిపుణులు చెబుతున్నారు. పదకొండుకు పడుకునే శరీరాన్ని ఐదుకు లేపితే దక్కేది ఆరు గంటలు. మిగిలినది అప్పుగా మారి మొదటి పీరియడ్‌లో కూర్చుంటుంది.

బడి ఆలస్యంగా మొదలుపెడితే పిల్లలు ఇంకా ఆలస్యంగా పడుకుంటారు తప్ప లాభం ఉండదని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేదాకా వెళ్లాను. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2016లో ఉన్నత పాఠశాలల సమయాన్ని ఉదయం 7:50 నుంచి 8:45కు మార్చారు. పిల్లల మణికట్టుకు కదలికలను కొలిచే పరికరాలు కట్టి చూస్తే, రోజుకు 34 నిమిషాల నిద్ర పెరిగింది. పెద్దవాళ్లు భయపడినట్టు ఆ వెసులుబాటంతా రాత్రి కబుర్లకు పోలేదు. 8:30 కన్నా ముందు బడి పెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టం చేసి, 2022 నుంచి ఉన్నత పాఠశాలలకు అమలు చేసింది. ఒక గడియారపు ముల్లును జరపడానికి ఇన్నేళ్లు పట్టింది. పిల్లలకు నీతులు చెప్పడం మాత్రం ఏ చట్టమూ లేకుండానే నడిచిపోతుంది.

ఇక భయం. దీని గురించి చెప్పడానికి నా సొంత అనుభవం చాలు. చదువుకునే రోజుల్లో ఒక మౌఖిక పరీక్ష. గది బయట బెంచీ మీద దాదాపు గంటసేపు కూర్చోబెట్టారు. లోపలికి వెళ్లేసరికి వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. నాలుక అంగిటికి అంటుకుపోయింది. ఎదురుగా ముగ్గురు. మొదటి ప్రశ్న నాకు బాగా తెలిసినదే, ముందురోజు స్నేహితుడికి నేనే వివరించాను. నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. అడిగినాయన పెన్నుకు మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. టిక్కు, టిక్కు. ఆ మూత ముదురు నీలం రంగు, అంచు దగ్గర చిన్న పగులు. ఇన్నేళ్లయినా ఆ పగులు నాకు కనిపిస్తూనే ఉంది. సమాధానం మాత్రం ఆ సాయంత్రం ఇంటికి చేరాక పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

అప్పుడు నా ఒంట్లో జరిగింది ఇదీ. ప్రమాదం అనిపించగానే మూత్రపిండాల మీది గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుని రక్తం కండరాలకు మళ్లుతుంది, అందుకే వేళ్లు చల్లబడతాయి. లాలాజలం చిక్కబడి తగ్గుతుంది, అందుకే నోరు ఎండుతుంది. పారిపోవడానికో కలబడడానికో ఇది మంచి ఏర్పాటు. కొన్ని నిమిషాల తర్వాత కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. మెదడు పరిశోధకుడు బ్రూస్ మెక్ఈవెన్ బృందం 1968లో ఎలుకల మెదడులో చూపినట్టు, ఈ జాతి హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు హిప్పోక్యాంపస్‌లో దండిగా ఉన్నాయి. అంటే జ్ఞాపకాల చోటికే ఒత్తిడి నేరుగా వెళ్లి తలుపు తడుతుంది. కార్టిసాల్ ఎక్కువగా ఉన్నప్పుడు దాచుకున్నదాన్ని బయటకు తీయడం కష్టమవుతుంది. నుదుటి వెనక ఉండి ఆలోచనలను అదుపులో పెట్టే భాగం కూడా అప్పుడు పట్టు సడలిస్తుంది.

కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆ పెన్ను మూత. తీవ్రమైన ఉద్వేగంలో మెదడు ఆ క్షణాన్ని, ఆ ప్రమాదాన్ని లోతుగా ముద్ర వేసుకుంటుంది. ముందే నేర్చుకున్న పాఠాన్ని మాత్రం అందకుండా చేస్తుంది. భయపెట్టి నేర్పితే బాగా గుర్తుంటుందనేవాళ్లు సగం నిజమే చెబుతున్నారు. గుర్తుంటుంది. గుర్తుండేది ఎత్తిన చెయ్యి, గొంతు హెచ్చిన తీరు, నలుగురి నవ్వు. లెక్క కాదు. నా ఎనిమిదేళ్ల పిల్లవాడికి నా తరగతినుంచి ఏం గుర్తుండి ఉంటుందో తలుచుకుంటే నాకు గుండె పిండేసినట్టవుతుంది.

ఒత్తిడి అసలే ఉండకూడదని నేను అనడం లేదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు చిట్టెలుకలకు తెల్ల పెట్టెనూ నల్ల పెట్టెనూ వేరుచేసి గుర్తుపట్టడం నేర్పుతూ, తప్పు చేసినప్పుడు చిన్న విద్యుత్ తాకిడి ఇచ్చారు. తేడా తేలిగ్గా తెలిసేటప్పుడు తాకిడి పెరిగినకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా పట్టుకోవడం కష్టమైనప్పుడు, తాకిడి ఒక హద్దు దాటగానే నేర్పు పడిపోయింది. పని కష్టమైనకొద్దీ దానికి తగిన ఒత్తిడి తగ్గుతూ వచ్చింది. మనం చేసేది సరిగ్గా ఇందుకు వ్యతిరేకం. పాఠం కష్టమైనకొద్దీ గొంతు పెంచుతాం.

ఊపిరి సంగతి కూడా చెప్పాలి. దీని చుట్టూ బోలెడన్ని గొప్పలు తిరుగుతున్నాయి కాబట్టి తక్కువే చెబుతాను. గాలి పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగంగా, వదిలేటప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంది. మణికట్టు మీద వేలు పెట్టి, నిదానంగా ఊపిరి తీస్తే చాలామందికి ఆ తేడా తెలుస్తుంది. వదిలేటప్పుడు గుండెకు కళ్లెం వేసేది వేగస్ నాడే. ఒట్టో లోవి అనే శాస్త్రవేత్త 1921లో ఒక కప్ప గుండె దగ్గర ఆ నాడిని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని ఇంకో కప్ప గుండెకు అందించాడు. రెండోదీ నెమ్మదించింది. నాడులు రసాయనాల ద్వారా మాట్లాడతాయని తేలింది. ఆ ప్రయోగం తనకు నిద్రలో తోచిందని, మొదటి రాత్రి రాసుకున్న ముక్కలు తెల్లవారి తనకే అర్థం కాలేదని, మర్నాటి రాత్రి మళ్లీ తోచగానే లేచి ప్రయోగశాలకు వెళ్లానని ఆయనే చెప్పుకున్నాడు. 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. పరీక్షకు ముందు నా పిల్లల చేత ఒక్క నిమిషం, వదిలే ఊపిరి తీసే ఊపిరికన్నా పొడుగ్గా ఉండేలా చేయిస్తాను. దానివల్ల రానిది రాదు. వచ్చినది చేతికి అందే వీలు మాత్రం కొంత పెరుగుతుంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను, చిన్నవని కాదు, వాదించవలసినదేమీ లేదు కాబట్టి. జలుబుల తర్వాత చెవి లోపల నీరు నిలిచిన పిల్లవాడికి మన మాటలు చెవుల్లో వేళ్లు పెట్టుకుని విన్నట్టు వినిపిస్తాయి. వాడు 'చెప్పిన మాట వినడు'. దూరపు చూపు మసకబారిన పిల్ల నల్లబల్ల మీదిది రాసుకోదు. ఆమెకు 'శ్రద్ధ లేదు'. ఇనుము తక్కువైతే రక్తం పలచబడడమే కాదు, మెదడులో కబుర్లు మోసే డోపమిన్ అనే రసాయనం తయారీ కూడా దెబ్బతింటుంది. ఆ అమ్మాయి 'నీరసపుది'. అయొడిన్ పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. ఆ కొంచెం గర్భిణికి, పసిబిడ్డకు అందకపోతే బుద్ధి వికాసమే కుంటుపడుతుంది. స్విట్జర్లాండ్‌లో 1922లో ఉప్పులో అయొడిన్ కలపడం మొదలైంది. ఆ ఉప్పు తరాల తరబడి మందబుద్ధులని ముద్రపడిన ఊళ్ల రాత మార్చింది.

కదలిక గురించి ఒక్కటి మాత్రం గట్టిగా అంటాను. అల్లరి చేసిన పిల్లలకు ఆటల పీరియడ్ రద్దు చేయడం కన్నా తెలివితక్కువ శిక్ష ఇంకొకటి లేదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుదురుగా కూర్చోలేని ఒంటికి కదిలే అవకాశాన్ని తీసేసి, కుదరడం లేదని మళ్లీ శిక్షిస్తాం. నడక ముసలి మెదడుకు కూడా మేలు చేస్తుంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో 55 ఏళ్లు దాటిన 120 మందిని తీసుకుని, ఒక బృందం చేత ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిపించారు. వాళ్ల హిప్పోక్యాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో కొంచెం తగ్గింది.

ఇదంతా విన్న ఒక సహోద్యోగి నన్ను నిలదీశారు: "అయితే ప్రతి తప్పుకూ ఒంటి మీద నెపం పెట్టేస్తే సరిపోతుందా?" మంచి ప్రశ్న. సరిపోదు. శరీరం పేరు చెప్పి అమ్ముకునే అబద్ధాలు కూడా తక్కువేమీ కావు. చక్కెర తింటే పిల్లలు రెచ్చిపోతారన్నది అందరూ నమ్మే మాట. 1995లో అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, చక్కెరవల్ల పిల్లల ప్రవర్తన మారినట్టు తేలలేదు. ఎడమ మెదడు పిల్లలు, కుడి మెదడు పిల్లలు అంటూ విడదీసే కోర్సులకూ సరైన ఆధారం లేదు.

నా కథనే తీసుకుంటే, ఆ పిల్లవాడికి టాన్సిల్స్, అడినాయిడ్లు తీసేసిన ఆపరేషన్ కూడా మంత్రం కాదు. నిద్రలో ఊపిరి ఆగే 464 మంది పిల్లలతో, అందరూ 5 నుంచి 9 ఏళ్ల వాళ్లే, 2013లో ఒక పెద్ద వైద్య అధ్యయనం ఫలితాలు వచ్చాయి. టాన్సిల్స్, అడినాయిడ్లు తీసేసిన పిల్లలు ఏకాగ్రతను కొలిచే పరీక్షల్లో, తీయకుండా కనిపెట్టి చూసిన పిల్లలకన్నా చెప్పుకోదగినంత మెరుగుపడలేదు. అయితే వాళ్ల నిద్ర, ప్రవర్తన, రోజువారీ సుఖం స్పష్టంగా మెరుగయ్యాయి. ఆపరేషన్ లేకుండానే కొందరు బాగుపడ్డారు కూడా. మా పిల్లవాడి విషయంలోనూ సరిగ్గా ఇంతే. లెక్కలు వాడికి తర్వాత కూడా కష్టంగానే ఉన్నాయి. కానీ కూర్చోగలిగాడు. పక్కవాడితో తగువులు మానుకున్నాడు. రాని లెక్క దగ్గర ఏడవకుండా చెయ్యెత్తి అడిగాడు. మార్కుల కాగితంలో ఇది కనిపించదు. అయినా నా దృష్టిలో చదువుకు మొదటి మెట్టు అదే.

శరీరం తెలుసుకుంటే బాధ్యత పోదు. చేతులు మారుతుంది. ఎనిమిదేళ్ల వాడు తన నిద్రను తాను బాగుచేసుకోలేడు. పదిహేనేళ్ల పిల్ల బడి వేళలు మార్చలేదు. పెద్ద గొడవల మధ్య, ఒకే ఇరుకు గదిలో పడుకునే పిల్లలకు 'తొందరగా పడుకోండి' అని చెప్పడం కూడా ఒక రకం క్రూరత్వమే. వాళ్ల రాత్రి వాళ్ల చేతుల్లో లేదు. చేతుల్లో ఉన్నవాళ్లం మనం. అందుకే పెద్దవాళ్లకు ఈ వాదన అంతగా రుచించదని నా అనుమానం. గుణం చెడ్డదంటే దిద్దుకోవలసింది పిల్లవాడు. ఒళ్లు బాగాలేదంటే లేచి కదలవలసింది మనం.

ఇప్పుడు నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఏ పిల్లవాడి గురించి ఫిర్యాదు వచ్చినా అందులో ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకుంటాను. ఎన్నింటికి పడుకుంటాడు, ఎన్నింటికి లేస్తాడు? కళ్లూ చెవులూ చివరిసారి ఎప్పుడు చూపించారు? పొద్దున ఏమైనా తిని వస్తున్నాడా? ఎవరికైనా భయపడుతున్నాడా? ఆ నాలుగో ప్రశ్నకు జవాబు రెండుసార్లు నా పేరే వచ్చింది. ఆ పేజీలు చింపలేదు.

మొన్న ఒక తండ్రి వచ్చాడు. కూతురు తరగతిలో ఊరికే గొడవ పడుతోందని నేనే పిలిపించాను. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. పుస్తకం తెరిచి, "పాప రాత్రి గురక పెడుతుందా అండీ?" అని అడిగాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుని, "గురక లేదండీ. కానీ రాత్రిపూట కాళ్లు లాగుతున్నాయని ఏడుస్తుంది. మూడు నెలలనుంచి," అని చెప్పడం మొదలుపెట్టాడు. నేను తేదీ వేసి రాసుకున్నాను.